క్లౌన్ చేప పిల్లలు: గుడ్ల కంటే ముందు మేత సిద్ధం కావాలి

ప్రధాన మంత్రి మత్స్య సంపద యోజన కింద సముద్రపు అలంకార చేపల యూనిట్ మంజూరైన వాళ్ల కోసం, దరఖాస్తు పెట్టాలా వద్దా అని ఆలోచిస్తున్న వాళ్ల కోసం ఈ పీడీఎఫ్. సబ్సిడీ ఎంత, ఎవరికి ఎంత అన్నది ఇందులో ఉంది. కానీ ఎక్కువ భాగం మేత గురించే ఉంటుంది. ఎందుకో ముందే చెప్పేస్తాను.

నేను సమాచార శాఖలో పనిచేస్తాను. చదివింది జర్నలిజం, చేపల శాస్త్రం కాదు. తీరంలో ఒక మహిళా లబ్ధిదారు షెడ్డులో నీమో చేపలు గుడ్లు పెట్టాయి, పిల్లలు వచ్చాయి అంటే కెమెరా పట్టుకుని వెళ్లాను. నల్ల టబ్బులో సుమారు మూడొందల పిల్లలు, కనురెప్ప వెంట్రుకల ముక్కల్లాగా కదులుతున్నాయి. సంతోషంగా ప్రెస్ నోట్ రాసి పంపాను. అది పేపర్లో వచ్చిన రోజు పొద్దున్నే ఆవిడ ఫోన్ చేసింది. "సార్, టబ్బులో ఒక్కటీ కదలట్లేదు" అంది. వెళ్లి చూస్తే అన్నీ అడుగున దుమ్ములా పడి ఉన్నాయి. నీళ్లు బాగానే ఉన్నాయి, ఉప్పు సరిపోయింది, గాలి పైపు ఆడుతోంది. మేత కూడా వేసింది. మెత్తగా నూరిన పొడి మేత. పుట్టిన రెండు మూడు రోజుల పిల్లకు అది మేతే కాదని ఆవిడకు ఎవరూ గట్టిగా చెప్పలేదు. ప్రెస్ నోట్ రాసిన నాకూ తెలియదు.

ఆవిడ అన్న మాట ఇంకా గుర్తుంది. "బ్యాంకు వాళ్లు చేపల్ని చూసి లోన్ ఇచ్చారు సార్. ఆ చేపలు బతికేది కంటికి కనిపించని పురుగుల మీద అని ముందే తెలిస్తే, ముందు వాటినే పెంచేదాన్ని కదా." ఆ మాట పట్టుకునే ఈ వివరణ రాస్తున్నాను.

ఏ చేప, ఎందుకు ఈ చేప?

సముద్రపు రంగు చేపల్లో ఎక్కువ రకాలను ఇప్పటికీ పగడపు దిబ్బల దగ్గర పట్టి తెచ్చే అమ్ముతున్నారు. వాటికి టబ్బుల్లో పిల్లలు తీయడం చాలా కష్టం. క్లౌన్ చేపలు అలా కాదు. తల్లి చేపలు టబ్బులోనే గుడ్లు పెడతాయి, వాటిని కాపలా కాస్తాయి, పిల్ల పుట్టేసరికే మిగతా రకాల పిల్లల కంటే కాస్త పెద్దగా ఉంటుంది. 2003లో వచ్చిన 'ఫైండింగ్ నీమో' సినిమా పుణ్యమా అని ఈ చేపను ఇప్పుడు ప్రతి పిల్లాడూ గుర్తుపడతాడు, గిరాకీ కూడా ఉంది. మన దేశంలో కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ మండపం కేంద్రంలో క్లౌన్ చేపల పిల్లల ఉత్పత్తి పద్ధతిని తయారు చేసింది. అందుకే కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు శాస్త్రవేత్తలు ముందు ఈ చేప పేరే చెబుతారు.

ఈ చేపకు సముద్ర పుష్పం కావాలి కదా అని కొందరు అడుగుతారు. సముద్రంలో కావాలి, టబ్బులో అక్కర్లేదు. మట్టికుండ పెంకు, పింగాణీ పలక, పైపు ముక్క ఏదున్నా దాన్నే ఇల్లు అనుకుంటుంది.

డబ్బు లెక్క

యోజనలో పెరటి యూనిట్‌కు ఖర్చు అంచనా 3 లక్షల రూపాయలు. మధ్య తరహా పెంపకం యూనిట్‌కు 8 లక్షలు. తల్లి చేపలు పెట్టి, గుడ్లు పెట్టించి, పిల్లలు తీసి పెంచే సముద్రపు చేపల సమగ్ర యూనిట్‌కు 30 లక్షలు. జనరల్ వర్గానికి ఇందులో 40 శాతం, ఎస్సీ, ఎస్టీ, మహిళలకు 60 శాతం సబ్సిడీ. మీరు అంచనా కంటే ఎక్కువ ఖర్చు పెట్టినా సబ్సిడీ పెరగదు.

ఒక మహిళ 3 లక్షల యూనిట్ పెడితే 1 లక్షా 80 వేలు సబ్సిడీ, 1 లక్షా 20 వేలు తన వాటా. అదే 30 లక్షల యూనిట్ అయితే సబ్సిడీ 18 లక్షలు, తన వాటా 12 లక్షలు. 18 లక్షల సబ్సిడీ అనగానే చాలామంది కళ్లు మెరుస్తాయి. మిగతా 12 లక్షలు బ్యాంకుకు కట్టాల్సింది మీరే. పిల్లలు చనిపోతే ఆ నెల కిస్తీ ఆగదు.

రెండు యూనిట్లకూ తేడా డబ్బులో కంటే పనిలో ఎక్కువ. పెరటి యూనిట్‌లో హేచరీ నుంచి నెలన్నర, రెండు నెలల వయసు పిల్లల్ని కొని తెచ్చి, పెంచి అమ్ముతారు. ఆ వయసుకు పిల్ల పొడి మేత తింటుంది. సమగ్ర యూనిట్‌లో పుట్టిన క్షణం నుంచి పిల్ల మీ బాధ్యతే. నా సలహా అడిగితే, మొదటి ఏడాది చిన్న యూనిట్‌తో సముద్రపు నీళ్లను చెయ్యి తిరిగేలా నేర్చుకుని, ఆ తర్వాతే పెద్దదాని జోలికి వెళ్లండి. లక్షద్వీప్‌లోని అగత్తి దీవిలో మహిళలకు అలంకార రొయ్యల పెంపకం నేర్పినప్పుడు జాతీయ మత్స్య జన్యు వనరుల సంస్థ ఇదే దారిలో వెళ్లింది. హేచరీ పని సంస్థ చూసుకుంది, పిల్లల్ని పెంచే పని మహిళల చేతికి ఇచ్చింది.

జంట కుదరడం, గుడ్లు

దీన్ని క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే ఇక్కడ నష్టపోయేవాళ్లు తక్కువ. క్లౌన్ చేపలన్నీ ముందు మగవిగానే ఎదుగుతాయి. నాలుగైదు పిల్లల్ని ఒక టబ్బులో వేస్తే అన్నిటికంటే పెద్దది ఆడది అవుతుంది, రెండోది దాని జోడీ. ఈ రెండూ కలిసి మిగతా వాటిని తరమడం మొదలుపెడితే జంట కుదిరినట్టు, మిగతా వాటిని తీసేయండి. ఆడది చనిపోతే మగది ఆడదిగా మారుతుంది. వినడానికి కథలా ఉంటుంది గానీ నిజమే.

తల్లి చేపలకు రొయ్య ముక్క, ఆల్చిప్ప మాంసం, చేప గుడ్లు లాంటివి రోజుకు రెండు మూడుసార్లు పెట్టాలి. తల్లి తిన్నదే గుడ్డులోకి వెళ్తుంది. జంట స్థిరపడ్డాక సుమారు 12 నుంచి 15 రోజులకు ఒకసారి గుడ్లు పెడుతుంది, ఒక విడతకు కొన్ని వందలు. మొదటి రెండు మూడు విడతలు తల్లిదండ్రులే తినేయడం మామూలు. కంగారు పడకండి.

గుడ్లు పెట్టిన కొత్తలో నారింజ రంగులో ఉంటాయి. రోజులు గడిచేకొద్దీ లోపల కళ్లు కనిపిస్తాయి. నీటి వేడి 27 నుంచి 29 డిగ్రీలు ఉంటే ఏడు లేదా ఎనిమిదో రోజున, కళ్లు వెండిలా మెరుస్తున్న సాయంత్రం, దీపాలు ఆర్పిన గంట రెండు గంటల్లో పిల్లలు బయటికి వస్తాయి. ఆ సాయంత్రమే గుడ్లున్న పలకను నీళ్లలోంచి బయటికి తీయకుండా, గిన్నెలో నీళ్లతో సహా పిల్లల టబ్బులోకి మార్చాలి. పలక పక్కన గాలి రాయి పెట్టి చిన్నగా బుడగలు తగలనివ్వండి, ఇన్నాళ్లూ మగ చేప రెక్కతో విసిరిన పని అదే. పిల్లలు తల్లి టబ్బులోనే పుట్టేస్తే, టార్చి వెలుగు దగ్గరికి చేరతాయి, అప్పుడు గ్లాసుతో ముంచి తీయండి. వలతో మాత్రం ఎత్తకండి.

పుట్టిన పిల్ల ఏం తింటుంది?

పిల్ల పొడవు 3 నుంచి 4 మిల్లీమీటర్లు. కడుపు కింద ఉండే సొన చాలా కొంచెం, అది ఒక రోజు గడిపేస్తుందేమో. పుట్టిన మర్నాడు పొద్దున్నుంచే నోట్లో మేత పడాలి. నోరు సూదిబెజ్జం కంటే చిన్నది. పైగా ఆ పిల్ల మేతను వాసనతో వెతకదు, కంటితో చూసి వేటాడుతుంది. కదిలేది, తన నోటికి పట్టేది, తన ముక్కు ముందు ఉండేది మాత్రమే తింటుంది. పొడి మేత కదలదు, అడుగుకు దిగి కుళ్లుతుంది. కుళ్లితే అమ్మోనియా వస్తుంది. అంటే పిల్ల ఆకలితోనూ చస్తుంది, విషంతోనూ చస్తుంది. ఆవిడ టబ్బులో జరిగింది ఇదే.

రొయ్య పిల్లల హేచరీల్లో పనిచేసినవాళ్లు మన తీరంలో చాలామంది ఉన్నారు. వాళ్లు వెంటనే "ఆర్టీమియా వేస్తే సరిపోతుంది కదా" అంటారు. అప్పుడే పొదిగిన ఆర్టీమియా పిల్ల కూడా 400 మైక్రాన్లకు పైనే ఉంటుంది, అంటే అర మిల్లీమీటరుకు దగ్గర. మొదటి రోజుల క్లౌన్ పిల్ల దాన్ని మింగలేదు. దానికి కావలసింది రోటిఫర్. ఇది ఉప్పునీటిలో ఈదే సూక్ష్మజీవి, సైజు సుమారు 100 నుంచి 250 మైక్రాన్లు. మెల్లగా తిరుగుతుంది కాబట్టి పిల్లకు సులువుగా దొరుకుతుంది. గాజు గ్లాసులో తీసి వెలుతురుకు పెట్టి చూస్తే తెల్లటి చుక్కలు దొర్లుతున్నట్టు కనిపిస్తాయి.

రోటిఫర్ తినేది ఆల్గే, అంటే పచ్చనీళ్లు. అన్ని పచ్చనీళ్లూ పనికిరావు. రొయ్యల హేచరీల్లో ఎక్కువగా పెంచే కీటోసెరాస్ రొయ్య పిల్లకు మంచిది. మనకు ముఖ్యంగా కావలసింది నానోక్లోరోప్సిస్. చాలా చిన్న కణం, రోటిఫర్ సులువుగా తింటుంది. పైగా చేప పిల్లకు తప్పనిసరి అయిన ఒక రకం కొవ్వు ఇందులో ఉంది. ఆ కొవ్వు ఆల్గే నుంచి రోటిఫర్‌లోకి, రోటిఫర్ నుంచి పిల్లలోకి వెళ్తుంది. ఆల్గే తినని రోటిఫర్ ఖాళీ పొట్లం లాంటిది. పిల్ల కడుపు నిండినట్టే కనిపిస్తుంది గానీ వారం తిరగకుండా పోతుంది.

అందుకే వరస ఇలా ఉండాలి: ముందు ఆల్గే, దాని మీద రోటిఫర్, ఆ రెండూ నిలదొక్కుకున్నాకే గుడ్లున్న పలక పిల్లల టబ్బులోకి. మేత సిద్ధంగా లేని రోజున గుడ్లు పొదిగే సమయం వస్తే ఆ విడతను వదిలేయండి. మనసుకు కష్టంగానే ఉంటుంది. కానీ రెండు వారాల్లో అదే జంట మళ్లీ పెడుతుంది.

రోటిఫర్ తోడు

ఇది పెరుగు తోడు లాంటిది. కొంచెం తోడుతో ఎంతైనా పెంచుకోవచ్చు, తోడు పాడైతే మాత్రం మొత్తం పోతుంది. ఇంట్లో తోడు లేకపోతే గ్లాసు పట్టుకుని పక్కింటికి వెళ్తాం. రోటిఫర్ తోడు పక్కింట్లో దొరకదు. కాబట్టి ఒకే టబ్బులో పెంచొద్దు. వేరు వేరు చోట్ల, వేరు వేరు గాలి పైపులతో, వేరు వేరు మగ్గులతో కనీసం మూడు పాత్రల్లో ఉంచండి. ఒకదాంట్లో ముంచిన మగ్గు ఇంకోదాంట్లో ముంచకండి.

రోటిఫర్‌కు ఉప్పు 20 నుంచి 25 పి.పి.టి. ఉన్నా బాగా పెరుగుతుంది. సముద్రపు నీళ్లలో కొంచెం మంచినీళ్లు కలిపితే ఆ స్థాయి వస్తుంది. కుళాయి నీళ్లు కలిపితే క్లోరిన్ పోయాకే కలపండి. గాలి మెల్లగా ఉండాలి. నీళ్లు లేత ఆకుపచ్చగా ఉన్నంతసేపూ మేత ఉన్నట్టు. తేటబడితే ఆల్గే పోయండి. రోజూ నాలుగో వంతు నీళ్లను 50 మైక్రాన్ల జల్లెడలో వడకట్టి రోటిఫర్లను తీసుకోండి, తీసినంత కొత్త పచ్చనీళ్లు పోయండి. తీయకుండా వదిలేస్తే కిక్కిరిసి ఒక రాత్రిలో మొత్తం పడిపోతాయి. నురగ ఎక్కువ రావడం, కుళ్లు వాసన, గుడ్డు మోస్తున్న రోటిఫర్లు తగ్గిపోవడం పడిపోయే ముందు కనిపించే గుర్తులు.

ఎన్ని కావాలి? లెక్క వేసుకుందాం. 500 పిల్లలకు 100 లీటర్ల టబ్బు పెట్టామనుకోండి. ఒక మిల్లీలీటరుకు 10 రోటిఫర్లు ఉండాలి. 100 లీటర్లంటే లక్ష మిల్లీలీటర్లు. అంటే 10 లక్షల రోటిఫర్లు. మీ పెంపకం పాత్రలో మిల్లీలీటరుకు 100 చొప్పున ఉంటే, 10 లీటర్లు వడకట్టాలి. పిల్లలు తింటుంటే తగ్గుతాయి కాబట్టి పొద్దున, సాయంత్రం లెక్కపెట్టి మళ్లీ 10కి చేర్చాలి. రోజుకు అలా 20 లీటర్ల దాకా వడకట్టాల్సి వస్తుందనుకుంటే, నాలుగో వంతు మాత్రమే తీస్తాం కనుక 80 లీటర్ల రోటిఫర్ పెంపకం చేతిలో ఉండాలి. దాన్ని మేపడానికి కనీసం అంతే పచ్చనీళ్లు. ఐదొందల పిల్లలున్న ఒక్క టబ్బు వెనక ఇంత వంటగది ఉండాలి. యూనిట్ ప్లాన్ గీసేటప్పుడు తల్లి చేపల టబ్బులకే చోటంతా ఇచ్చి ఆల్గేకు మూల చూపించే ఇంజనీరు దగ్గర ఈ లెక్క చెప్పండి.

లెక్కపెట్టడం ఎలా అని భయపడొద్దు. పైపెట్‌తో 1 మిల్లీలీటరు తీసి, ఒక చుక్క అయోడిన్ వేస్తే రోటిఫర్లు కదలడం ఆగిపోతాయి, భూతద్దంతో లెక్కపెట్టవచ్చు. మరీ ఎక్కువగా ఉంటే పది రెట్లు నీళ్లు కలిపి లెక్కపెట్టి పదితో హెచ్చవేయండి. పదో తరగతి చదివే పిల్లలు ఉంటే వాళ్లకు అప్పగించండి, మనకంటే బాగా చేస్తారు.

పిల్లల టబ్బు లోపలి గోడలు నల్లగా ఉండాలి, వెలుతురు పై నుంచి రావాలి. తెల్ల టబ్బులో పిల్లలు మెరిసే గోడకేసి మూతి గుద్దుకుంటూ మేత తినడం మానేస్తాయి. టబ్బు నీళ్లలో కూడా కొంచెం నానోక్లోరోప్సిస్ పోసి లేత పచ్చగా ఉంచండి. రోటిఫర్లకు మేత అవుతుంది, వెలుతురు మెత్తబడుతుంది, అమ్మోనియా కూడా కొంత తగ్గుతుంది. మొదటి మూడు రోజులు నీళ్లు మార్చే పని పెట్టుకోకండి. నాలుగో రోజు నుంచి సన్నటి గొట్టంతో అడుగు మడ్డి మాత్రం లాగి, పదో వంతు నీళ్లు నెమ్మదిగా మార్చండి. గొట్టం రెండో చివర తెల్ల బకెట్‌లో పెట్టండి, పొరపాటున వచ్చిన పిల్లలు కనిపిస్తాయి.

ఆర్టీమియా ఎప్పుడు?

ఐదు, ఆరు రోజులకు పిల్ల కొంచెం బలపడుతుంది. అప్పుడు రోటిఫర్లతో పాటే అప్పుడే పొదిగిన ఆర్టీమియా కొద్దిగా మొదలుపెట్టాలి. తిన్న పిల్ల పొట్ట నారింజ రంగులో కనిపిస్తుంది. సగానికి పైగా పిల్లల పొట్టలు రంగు తిరిగేదాకా రోటిఫర్ ఆపకూడదు. తొమ్మిది, పది రోజులకు ఎక్కువ భాగం ఆర్టీమియా మీదే ఉంటాయి. ఈ మార్పును ఒక్క రోజులో చేసేస్తే చిన్న పిల్లలు ఆకలితో పోతాయి.

సిస్టులు పొదిగించడం రొయ్యల హేచరీ వాళ్లకు చెప్పక్కర్లేదు. తెలియని వాళ్లకు: సముద్రపు నీళ్లలో లీటరుకు 1 నుంచి 2 గ్రాములు, గట్టిగా గాలి, పైన లైటు, 28 డిగ్రీల వేడి ఉంటే 18 నుంచి 24 గంటల్లో పొదుగుతాయి. గాలి ఆపి పది నిమిషాలు ఆగితే పెంకులు పైకి తేలతాయి, పిల్లలు వెలుగు ఉన్న వైపు చేరతాయి. అక్కడి నుంచే లాగండి. పెంకులు కలిసి వస్తే చేప పిల్ల మింగి పేగు మూసుకుపోయి చస్తుంది. కడగకుండా వేయకండి. పొదిగిన ఆరేడు గంటల్లోపు వేస్తేనే దానిలో బలం ఉంటుంది, ఆ తర్వాత అది తన కొవ్వును తానే కరిగించుకుంటుంది. మిగిలిపోయినవి మర్నాడు వేయాలంటే ముందు ఆల్గే గానీ, హేచరీ మందుల షాపుల్లో దొరికే కొవ్వు ద్రావణం గానీ తినిపించాకే వేయాలి.

ఇదెందుకు ఇంత గట్టిగా చెబుతున్నానంటే, రెండో పెద్ద చావు ఇక్కడే వస్తుంది. పిల్లలు బాగా తింటున్నాయి, పొట్టలు నిండుగా ఉన్నాయి, పదో రోజు రాత్రి టార్చి వేయగానే కొన్ని వణికి, తిరగబడి అడుగుకు పడిపోతాయి. జబ్బు అనుకుని మందులు పోస్తారు. చాలాసార్లు అది జబ్బు కాదు, మేతలో కొవ్వు లోపం. ఒట్టి ఆర్టీమియాతో పెంచిన పిల్లల్లో ఇలా కనిపిస్తుంది. యాంటీబయాటిక్ పోస్తే నీళ్లను శుభ్రం చేసే మంచి బ్యాక్టీరియా కూడా చచ్చి పరిస్థితి ఇంకా పాడవుతుంది.

చారలు వచ్చాక

12 నుంచి 15 రోజుల మధ్య పిల్లకు తల దగ్గర తెల్ల చార పడుతుంది, నీటి మధ్యలో తేలడం మానేసి అడుగుకు, గోడ పక్కకు చేరుతుంది. ఇక్కడి దాకా వచ్చిన పిల్ల గట్టిదే. అప్పుడు మెత్తటి పొడి మేత, 200 నుంచి 300 మైక్రాన్ల సైజుది, ఆర్టీమియా వేయడానికి ముందు చిటికెడు చల్లండి. ఆకలిగా ఉన్నప్పుడు రుచి చూస్తుంది. నెల రోజులకల్లా ఆర్టీమియా మానిపించవచ్చు.

మొదట చెప్పిన ఆవిడ మళ్లీ ప్రయత్నించింది. నాలుగు విడతల గుడ్లను అలాగే వదిలేసింది. ఆ రెండు నెలలూ ఆల్గే, రోటిఫర్ మాత్రమే పెంచింది. నోట్‌బుక్‌లో రోటిఫర్ లెక్క వారం రోజులు వరసగా వంద దాటాక ఐదో విడత పలకను మార్చింది. పదహారో రోజు నేను వెళ్లేసరికి టబ్బు గోడ వెంట చారలు పడిన పిల్లలు వరసగా ఉన్నాయి. ఇద్దరం కలిసి లెక్కపెట్టాం, 112 వచ్చాయి. ఈసారి నేను ప్రెస్ నోట్ రాయలేదు. అవి అమ్ముడుపోయాక రాశాను.

పెరటి యూనిట్ వాళ్లకు పని ఇక్కడి నుంచి మొదలవుతుంది. హేచరీ నుంచి సంచుల్లో పిల్లలు రాకముందే, అక్కడి నీళ్లలో ఉప్పు ఎంతుందో ఫోన్ చేసి అడిగి, మీ టబ్బును ముందు రోజే అదే స్థాయికి తెచ్చుకోండి. సంచిని విప్పకుండా టబ్బులో పావుగంట తేల్చి వేడి సమానం చేయండి. విప్పాక ఎక్కువసేపు నాన్చకండి. దూరం నుంచి వచ్చిన సంచిలో అమ్మోనియా పేరుకుని ఉంటుంది, మూత తీసి గాలి తగలగానే నీటి గుణం మారి అది ఇంకా విషమవుతుంది. చిన్న గిన్నెతో పిల్లల్ని టబ్బులోకి తీసుకుని, సంచి నీళ్లు బయట పారబోయండి.

మేత రోజుకు మూడు నాలుగుసార్లు, రెండు మూడు నిమిషాల్లో తినేసేంత. పొడి మేతతో పాటు ఉడకబెట్టి సన్నగా తరిగిన రొయ్య, ఆల్చిప్ప మాంసం వారంలో కొన్ని రోజులు పెడితే రంగు బాగా వస్తుంది. ఒక పూట మేత తగ్గినా చేప చావదు, ఒక పూట ఎక్కువైతే చస్తుంది. పెద్దవి చిన్నవాటిని తరుముతుంటే సైజు ప్రకారం వేరు చేయండి, దాక్కోవడానికి పైపు ముక్కలు వేయండి. మూడు నాలుగు నెలలకు అమ్మకపు సైజు వస్తుంది.

నీళ్లు, కరెంటు, తుఫాను

టబ్బులో ఉప్పు 30 నుంచి 35 పి.పి.టి., వేడి 26 నుంచి 29 డిగ్రీలు, పి.హెచ్. 8 పైన ఉండాలి. అమ్మోనియా, నైట్రైట్ దాదాపు సున్నా. కొత్త ఫిల్టర్‌లో మంచి బ్యాక్టీరియా పెరగడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. యూనిట్ ప్రారంభోత్సవం రోజే చేపలు వేయాలని ఎవరు తొందరపెట్టినా వేయకండి, మా శాఖ వాళ్లం ఫోటో కోసం అడిగినా సరే.

మన తీరంలో వర్షాకాలం చివర సముద్రపు నీళ్ల ఉప్పు తగ్గుతుంది. నదుల వరద కలవడమే కాదు, ఉత్తరాన పెద్ద నదుల నీళ్లు ప్రవాహంతో మన తీరం వెంట కిందికి దిగుతాయి. వేసవిలో సరిపోయిన నీళ్లే అక్టోబరు, నవంబరుల్లో సరిపోవు. ప్రతిసారీ రిఫ్రాక్టోమీటర్‌తో చూశాకే పంపు వేయండి, నీళ్లు బాగున్న రోజుల్లో ట్యాంకులో నిల్వ పెట్టుకోండి. తెచ్చిన నీళ్లను బ్లీచింగ్‌తో శుద్ధి చేసి, క్లోరిన్ పూర్తిగా పోయిందని పరీక్షించాకే వాడాలి.

అవే నెలలు తుఫానులవి కూడా. 2014 అక్టోబరులో హుద్‌హుద్ వచ్చినప్పుడు విశాఖలో రోజుల తరబడి కరెంటు లేదు. 2018 అక్టోబరులో తిత్లీ తర్వాత ఉద్దానం వైపు కూడా అంతే. ఏరియేటర్ ఆగిన టబ్బులో చేప పిల్లలకు గంటల సమయమే ఉంటుంది. బ్యాటరీ ఏరియేటర్లు, ఇన్వర్టర్ ఖర్చు ప్రాజెక్ట్ రిపోర్టులోనే రాయించండి, తర్వాత సొంత జేబులోంచి పెట్టుకోవాల్సిన అవసరం ఉండదు. కరెంటు పోగానే మేత ఆపేయండి. ఆల్గే, రోటిఫర్ తోడు చిన్న సీసాల్లో పోసి ఫ్రిజ్‌లో కొన్ని పెట్టుకునే అలవాటు ఉంటే తుఫాను తర్వాత మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టక్కర్లేదు.

చట్టం, కాగితాలు, ఎవరిని అడగాలి

టబ్బు అందంగా ఉంటుందని బతికున్న పగడాలు, నీటి గుర్రాలు కొనకండి. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 కింద ఇవి రక్షిత జీవులు. ఇంట్లో దొరికితే కేసు అవుతుంది, ఎవరో ఇచ్చారన్న మాట చెల్లదు. తల్లి చేపల్ని కూడా హేచరీలో పుట్టినవే, బిల్లుతో కొనండి.

దరఖాస్తుకు ఆధార్, బ్యాంకు పాస్‌బుక్, స్థలం పత్రం లేదా రిజిస్టర్ చేసిన లీజు, వర్తిస్తే కుల ధ్రువీకరణ, ప్రాజెక్ట్ రిపోర్టు తీసుకుని మీ రైతు సేవా కేంద్రంలోని గ్రామ మత్స్య సహాయకుడిని గానీ, నేరుగా జిల్లా మత్స్యశాఖ కార్యాలయాన్ని గానీ కలవండి. కేటాయింపులు, యూనిట్ ఖర్చులు మారవచ్చు కాబట్టి దరఖాస్తు రోజున ఉన్న లెక్క అక్కడే రాయించుకోండి. సబ్సిడీ ఏ దశలో ఎంత విడుదలవుతుందో మంజూరు ఉత్తర్వులో ఉంటుంది. అది ఇంగ్లీషులో ఉంటే తెలుగులో చదివి చెప్పమని అడగండి, అడగడం మీ హక్కు.

ఆల్గే, రోటిఫర్ తోడు గురించి, శిక్షణ గురించి విశాఖపట్నంలోని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ ప్రాంతీయ కేంద్రాన్ని అడగండి. ఇండియన్ పాంపనో చేపకు హేచరీలో పిల్లలు తీసింది ఈ కేంద్రమే, ఆ పిల్లల తొలి మేత కూడా రోటిఫరే. వెళ్లేటప్పుడు మీ నోట్‌బుక్ తీసుకెళ్లండి. రోజూ రాయాల్సినవి ఐదు: ఉప్పు, వేడి, అమ్మోనియా, రోటిఫర్ లెక్క, చనిపోయిన పిల్లల సంఖ్య. "పిల్లలు చనిపోతున్నాయి సార్" అని చెబితే శాస్త్రవేత్త కూడా ఊహించాల్సిందే. నాలుగో రోజు రోటిఫర్ 10 నుంచి 2కి పడిందని పుస్తకం చూపిస్తే, అక్కడే చెప్పేస్తారు.